అచ్చాయమ్మ స్టీలు కంచం

షార్జాలో దిగిన రోజు అచ్చాయమ్మ పెట్టెలో ఉన్నవి నాలుగు చీరలు, ఒక ఆవకాయ జాడీ, తన పేరు చెక్కించుకున్న స్టీలు కంచం. డెబ్బై ఏడు గాలివానకు గోదావరి లంకలో ఆమె పూరిల్లు ఎగిరిపోయింది. మళ్ళీ నాలుగు గోడలు లేపుకోవాలని, నలభయ్యో ఏట అరబ్బుల ఇంట్లో వంటపనికి వచ్చింది. పని నచ్చితే ఉంచుకుంటారు, నచ్చకపోతే మూడు నెలలకే వెనక్కి పంపేస్తారు.

పనికి వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా మధ్యాహ్నం భోజనం దగ్గరే వచ్చింది. ఆ ఇంటి ఆడవాళ్ళంతా చాప మీద కూర్చుని, ఒకే పెద్ద పళ్ళెంలో అన్నం, చేప పెట్టుకుని చుట్టూ తినేవారు. ఇంటి పెద్దామె ఉమ్మ్ రాషిద్‌ను అచ్చాయమ్మ అక్కడివాళ్ళలాగే ‘మామా’, అంటే అమ్మా, అనేది. ఆమె రోజూ “తాలీ, తాలీ” అని, రా రమ్మని పిలుస్తూ పక్కన చోటు చూపించేది. అచ్చాయమ్మ దణ్ణం పెట్టి, తన కంచం పట్టుకుని వంటింట్లోకి పోయేది. అదీ ఆమె నేర్చిన మర్యాద. ఊళ్ళో కామందుగారి పెరటి అరుగు మీద, విడిగా ఉంచిన కంచంలో పాతికేళ్ళు తిన్న మనిషి మరి. ఇంటివాళ్ళ పళ్ళెంలో చెయ్యి పెట్టడం ఆమె ఊహకైనా అందదు.

మూడో నెల చివర్లో ఆ ఇంటి డ్రైవరు, బందరు మనిషి నన్నేసాహెబు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

“మామా నిన్ను శుక్రవారం విమానం ఎక్కించెయ్యమంది. ఖలాస్ అంటోంది.”

“నేనేం తప్పు చేశానండీ సాయిబుగారూ?”

“వాళ్ళతో కూర్చుని తినవంట కదా. మేమంటే అసహ్యపడే మనిషి మా ఇంట్లో ఎందుకు అంటోంది.”

అచ్చాయమ్మ కొయ్యబారిపోయింది. “అసహ్యమేంటండీ? నా ఎంగిలి చెయ్యి ఆళ్ళ పళ్ళెంలో ఎడితే బాగుంటదా?”

“ఇక్కడ ఎంగిలీ గింగిలీ లేదమ్మా. పిలిచినా పక్కన కూర్చోకపోతేనే తప్పు.”

ఆమెకు ఏడుపు ఆగలేదు. ఇక గోడలు లేవవన్న బెంగ ఒకటి, ఇన్నాళ్ళూ ఆ ముసలి ప్రాణాన్ని నొప్పించానన్న బాధ ఇంకొకటి.

మర్నాడు ఆమెను ఎవరూ పిలవలేదు. తనే వెళ్ళి మామా పక్కన చతికిలబడింది. చెయ్యి పళ్ళెం అంచుదాకా వెళ్ళి ఆగిపోయింది. పాతికేళ్ళ అలవాటు ఒక్క పూటలో పోతుందా? ఉమ్మ్ రాషిద్ చూపు ఆనకపోయినా, చేపముక్కను తడిమి తడిమి ముళ్ళు తీసి ఆమె ముందుకు జరిపింది. తల్లి పోయాక అచ్చాయమ్మకు ముల్లు తీసి పెట్టినవాళ్ళు లేరు. ఆ ముక్క అన్నంలో కలుపుకుని నోట్లో పెట్టుకుంది. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

అంతలోనే లేచి, వంటింట్లోంచి తన స్టీలు కంచం పట్టుకొచ్చింది. మళ్ళీ విడిగా తింటుంది కాబోలనుకుని ముసలామె ముఖం వాడిపోయింది. అచ్చాయమ్మ కంచాన్ని ఇద్దరి మధ్యా పెట్టి కూర్చుని, పళ్ళెంలోని చేప అందుకుంది. గోదావరి చేపలతో పెరిగిన వేళ్ళు అవి. చకచకా ముళ్ళు ఏరి కంచంలో వేసి, మెత్తటి ముక్కలు మామా ముందుకు తోసింది.

శుక్రవారం విమానం మాట ఎవరూ ఎత్తలేదు. అచ్చాయమ్మ ఆ ఇంట తొమ్మిదేళ్ళు ఉంది. ఆమె పేరు చెక్కిన కంచం రోజూ మధ్యాహ్నం చాప మీదికి వచ్చేది, అందరూ ముళ్ళు వేసుకోవడానికి.