కుండ కడిగిన నీళ్లు

సోమమ్మకు కూర్చోవడం రాదు. అన్నం తినేటప్పుడు కూడా ఒక మోకాలు పైకి పెట్టుకుని, ఎవరో పిలుస్తున్నారన్నట్టే తినేది. 1961లో నన్ను దేవరకొండ దగ్గరి ఆ పల్లెకు వ్యవసాయం చూసే గ్రామసేవక్‌గా వేశారు. అక్కడ నాకు మొదట తగులుకున్న తలనొప్పి ఆమే. తెల్లవారి తలుపు తీస్తే వాకిట్లో నిలబడి ఉండేది, చేతిలో వేళ్లతో సహా పీకిన పల్లిచెట్టు. రోజుకొకటి.

ఊళ్లో ఆమెను పీకుడు సోమమ్మ అనేవాళ్లు. విత్తనం మొలిచిందో లేదో మట్టి తీసి చూసేది. మొలిచాక వేరు దిగిందో లేదో పీకి చూసేది. అట్లా పీకిన చెట్టు మళ్లీ బతకదని ఆమెకూ తెలుసు. అయినా చెయ్యి ఆగదు.

ఆగకపోవడానికి కారణం ఉంది. మొగుడు భిక్షం జ్వరంతో పోయి మూడేళ్లు. మిగిలింది ఎకరం ఎర్రచెలక, వాన మీదే పండే నేల. రెండేళ్లు వరసగా పల్లి వేస్తే ఆకు పసుపు తిరిగింది, కాయలు నొక్కితే చప్పుడే తప్ప లోపల గింజ లేదు. పక్క చెలక భిక్షానికి అన్న అయిన ఐలేశానిది. ఆయన పెద్దమనుషులను కూర్చోబెట్టాడు. మూడో పంట కూడా తప్పితే సోమమ్మ చెలక వదలాలి, ఐలేశం దున్నుకుంటాడు, ఆమె అతని గొర్రెల వెంట పోయి బతకాలి. పెద్దులు అనే పెద్దమనిషి ఆ తీర్పు చెప్పినప్పుడు నేనూ తలూపాను. ప్రభుత్వం మనిషిని, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ తలూపడమే అప్పటికి నాకు తెలిసిన ఉద్యోగం.

ఆ మూడో ఏడు, పల్లి వేసిన నెలకు, ఆమె చెట్టు వేళ్లకున్న బుడిపెలు చూపించింది. ఐలేశం అవి పుండ్లని, నేలకే రోగం ఉందని అంటున్నాడట. నేను ట్రైనింగులో విన్నది గుర్తు తెచ్చుకుని చెప్పాను. అవి పుండ్లు కావు. వాటిలో కంటికి కనపడని పురుగులు కాపురముండి, గాలిలోంచి చెట్టుకు తిండి తీసిస్తాయి. మంచి బుడిపె చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. సోమమ్మ గోటితో చిదిమింది. తెల్లగా ఉంది. ఇంకోటి చిదిమింది. అదీ తెల్లనే. పోనీ, కొన్నాళ్లు నా వాకిలి వదులుతుందని చెప్పిన ముక్క అది. దానితో ఆమె ఊరందరి చెలకల్లో పడి వేళ్ల బుడిపెలు చిదమడం మొదలుపెట్టింది. తిట్లన్నీ నాకు వచ్చాయి.

పది రోజులకు నగలు చేసే అవుసుల రామచంద్రయ్య కేకలేసుకుంటూ వచ్చాడు, సోమమ్మ ఆయన పెరట్లో దూరిందని. వెనకే ఆమె, చేతిలో చెట్టు. ఆయన కుంపటి బూడిద పారబోసే చోట రాలిన పల్లి గింజలు మొలిచి, నల్లగా అనిపించేంత పచ్చగా పెరిగాయి.

"సారూ, గిది జూడు. లోపల ఎర్రగున్నది. నా చెలకల గిట్ల ఒక్కటి లేదు."

బూడిద బలమని కొట్టిపారేశాను. ఆమె ఊరంతా తిరిగి బూడిద ఎత్తి రెండు సాళ్లకు పోసింది. రోజూ పీకి చూసింది. తెలుపే. మళ్లీ రామచంద్రయ్య ఇంటికి పోయి, ఆయన పని చేస్తుంటే గుమ్మంలో నిలబడి పొద్దంతా చూసింది. నగ అతికేటప్పుడు ఆయన వెలిగారమనే తెల్లపొడి వాడతాడు. అది కలిపిన నీళ్లు సాయంత్రం పెరట్లో ఆ బూడిద మీదే పారబోస్తాడు, ఇరవై ఏళ్ల నుంచి. ఆమె బతిమాలి గుప్పెడు వెలిగారం తెచ్చుకుంది.

నేను పరిశోధన క్షేత్రానికి ఉత్తరం రాస్తాను, జవాబు వచ్చేదాకా ఆగమన్నాను. ఆగమని సోమమ్మకు చెప్పడం! ఆ పొద్దే గుప్పెడూ ఒక కుండ నీళ్లలో కలిపి ఒక సాలుకు చల్లేసింది. వారానికి సాలుకు సాలే ఆకుల అంచులు మాడి రాలింది. ఊరు ఊరంతా చూసిపోయింది. ఐలేశం గట్టు మీద నిలబడి అన్నాడు.

"పెరిగే చెట్టును దినాం పీకి సూస్తె పంటెట్ల పండుతది? గిప్పుడు మందు వోసి సంపుతాంది."

నాకు భయం వేసింది. ఆమె మీద కోపమూ వచ్చింది. వెలిగారం విషం, ముట్టుకోకు అని గట్టిగా చెప్పి వచ్చాను. తెల్లారి తలుపు తీస్తే మళ్లీ ఆమే. ఆ రాలిపోయిన సాలును కూడా ఈ చివర నుంచి ఆ చివరి దాకా పీకుతూ పోయిందట.

"సాలు కొసకు పన్నెండడుగులు మాడలే సారూ. ఆడికి మందునీళ్లు అయిపోతె కుండ కడిగిన నీళ్లు వోసిన."

ఆ పన్నెండడుగుల చెట్టు వేరు నా చేతిలో పెట్టింది. బుడిపె చిదిమాను. ఎర్రగా నా గోటికి అంటింది. సాలంతా చూసి నేను విషమని రాసుకున్నాను. ఆమె చివరి దాకా పోయింది.

ఈసారి గుప్పెడు వెలిగారాన్ని ఎనిమిది కుండల్లో కలిపి ఎనిమిది సాళ్లకు పోసింది. ఆకు మాడలేదు. దేవరకొండ పోయి మూడు సేర్లు తెచ్చింది. కుంట నుంచి చెలకకు రోజుకు నలభై కుండలు, అయిదు రోజులు. రెండో రోజు నుంచి నేనూ మోశాను, భుజం కమిలింది.

ఉత్తరానికి జవాబు అంతా అయ్యాక వచ్చింది. బోరాన్ అనే పదార్థం కొంచెమైనా లేకపోతే బుడిపెల గోడలు సరిగా కట్టుకోవట, లోపలి పురుగులకు కాపురం కుదరదట. వెలిగారంలో అది ఉంది. ఎకరానికి నాలుగు కిలోలు మించొద్దు, మించితే ఆకు మాడుతుంది; ఆమె పోసిన మూడు సేర్లు మూడు కిలోల లోపే. చదివి వినిపిస్తుంటే ఆమె మధ్యలోనే లేచి చెలకకు పోయింది.

పంట తీసే రోజు పెద్దమనుషులు వచ్చారు. అందరూ పల్లి పీకే రోజు, అడ్డు చెప్పేవాళ్లు లేని రోజు, సోమమ్మ గట్టు మీద కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో బిగించుకుని, కదలకుండా. ఆమెను అట్లా చూడడం నాకదే మొదలు. ఎక్కడ పీకాలో ఐలేశాన్నే ఎంచుకోమన్నారు. ఆయన చెలక నడిమికి పోయి ఒక చెట్టు పీకాడు. కాయ నొక్కాడు. నిండు గింజ. ఇంకోటి నొక్కాడు. చెలక సోమమ్మదేనని పెద్దులు చెప్పాడు.

ఐలేశం ఆ చెట్టును చేతిలోనే పట్టుకుని గట్టు దాటాడు. అతని పల్లి ఆలస్యంగా వేసింది, ఇంకా పండలేదు. పోయి తన చెలకలో ఒక చెట్టు పీకాడు. వేరు తిప్పి, బుడిపె చిదిమి, గోరు చూసుకున్నాడు, ఎరుపు అంటలేదు. కొంచెం ముందుకు పోయి ఇంకోటి పీకాడు. ఇంకోటి. ఊరు చూస్తోందన్న ధ్యాస లేదు ఆయనకు. చివరికి వెనక్కి వచ్చాడు.

"సోమమ్మా, గా వెలిగారం యాడ దొరుకుతది? ఇయ్యాల్నే ఏస్త."

సోమమ్మ కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

"పూత అయిపాయె, ఇయ్యాల ఏస్తె ఏం ఫాయిద లేదు బావా. మల్ల వానలు వడేదాక జర ఓపిక పట్టాలె."