దోహా మంచు మైదానం, నేను చూడని మూడో పీరియడ్

గత టపా కింద సరోజిని గారు ఇలా రాశారు: "దుబాయ్‌లో మీ మనవరాలి ఐస్ హాకీ చూసొచ్చారట. మేమూ ఈ చలికాలం పిల్లలతో వెళ్తున్నాం, వివరాలు రాయండి." రాస్తాను సరోజిని గారూ, ముందు రెండు సవరణలు. అది దుబాయ్ కాదు, ఖతర్. రెండూ ఒకటే అనుకునేవాళ్ళు ఒక్కసారి తప్పు విమానం ఎక్కి చూస్తే తేడా తెలుస్తుంది. ఇక రెండోది, ఆట నేను చూడలేదు. చూశానని అందరికీ చెప్పింది మా మనవరాలు సాహితి. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. అదెలాగో చెప్పడానికే ఈ టపా. దారి, ఖర్చు, తిండి సంగతులు మధ్యలో తగులుతాయి, ఏరుకోండి.

మా అబ్బాయి రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంటు ఇంజనీరు. కాపురం దానికి దగ్గర్లోని అల్ ఖోర్‌లో. సాయంత్రం వంటింటి కిటికీలోంచి చూస్తే దూరంగా ప్లాంటు మంట కనిపిస్తుంది. ఆ గ్యాస్ అమ్మిన డబ్బుతోనే ఆ ఎడారిలో మంచు తయారుచేసుకుంటారు. పాతికేళ్ళకు పైగా కాలేజీలో చరిత్ర చెప్పాను గానీ, డబ్బు మితిమీరిన కాలాన్ని ఇంత క్లుప్తంగా చెప్పే అధ్యాయం నాకెక్కడా దొరకలేదు. సాహితి అప్పుడు దోహాలో కాలేజీ చదువు ముగింపులో ఉంది, కాలేజీ ఐస్ హాకీ జట్టుకు గోల్ కీపర్. దాని ఆట ఒక్కటి చూసి వచ్చేద్దామని నెల రోజులకు వెళ్ళాను. నేను దిగిన కొద్ది రోజులకే కరోనా దిగింది. విమానాలు ఆపేశారు, మైదానం మూసేశారు, మంచు కరిగించేశారు. నన్ను కరిగించే వీలు లేక ఉంచుకున్నారు.

తర్వాతి చలికాలానికి మంచు మళ్ళీ గడ్డకట్టింది గానీ సీజన్ గడ్డకట్టలేదు. ఒక ఆట ఎదుటి జట్టులో ఇద్దరికి జ్వరమని పోయింది. ఇంకొకటి మన జట్టులో ఒకడి ఫోన్లో కరోనా యాప్ చూపే ఆరోగ్యం రంగు ఆకుపచ్చ నుంచి పసుపుకు మారిందని పోయింది. ఆ రంగుకు భయపడినట్టు అక్కడ జనం దేవుడికి కూడా భయపడగా నేను చూడలేదు. మధ్యలో ఆటగాళ్ళు ఒకరికొకరు దూరంగా ఉండి ఆడాలని ఎవరో రూలు పంపారు. ఆ పెద్దమనిషికి హాకీ అంటే చదరంగం అని ఎవరైనా చెప్పి ఉండాలి. కాలేజీ పాఠాల్లాగే ప్రాక్టీసు కూడా కంప్యూటర్లోకి వెళ్ళింది. కోచ్ తెరమీంచి అరుస్తుంటే మా పిల్ల హాల్లో సోఫా ముందు మేజోళ్ళతో నిలబడేది. బంతులు విసిరే ఉద్యోగం నాది. మొదట చుట్టిన సాక్సులు, అవి మరీ మెత్తనని తర్వాత నిమ్మకాయలు. దాని ఎడమ కాలు నెమ్మది అని కోచ్ కన్నా ముందు నేనే పట్టాను. పట్టాక ఎడమ పక్కకే, నేలబారుగా విసిరేదాన్ని.

"నానమ్మా, ఇది చీటింగ్!"

"ఎదుటివాడు నీకు చెప్పి కొడతాడా? కాలు చాచు."

మా కోడలు ఆ చలికాలమంతా కమిలిన నిమ్మకాయలతో పచ్చడి పెట్టింది. ఆ సీజన్లో సాహితి మీద ఎక్కువ గోల్స్ కొట్టిన మనిషిని నేనే. అయినా అది మంచు మీద ఆడగా ఒక్కసారీ చూడలేదు. మార్చిలో చివరి ఆట మిగిలింది. అది అయిపోతే దాని చదువు అయిపోతుంది, జట్టునూ ఎత్తేస్తారని అప్పటికే గుసగుసలు. నేను చూస్తే ఆ రోజు చూడాలి, లేకపోతే లేదు.

శుక్రవారం, అక్కడ సెలవు రోజు. మా అబ్బాయికి షిఫ్టు. "వయసు పైబడినదానివి, మాల్‌కు వద్దమ్మా" అని ఫోన్లో చెప్పి పెట్టేశాడు, నేను వినను అని తెలిసినవాడు కనుక. పదకొండింటికి ఖాజా టాక్సీలో బయల్దేరాం. ఖాజాది కరీంనగర్. అల్ ఖోర్ నుంచి అల్ అజీజియాలో మంచు మైదానం ఉన్న మాల్‌కు గంట ప్రయాణం, వంద రియాళ్ళకు కాస్త అటూ ఇటూ. బస్సు ఇంతకన్నా చాలా చవక, అప్పుడు ఆపేశారు గానీ. సాహితి హాకీ సంచి వెనక డిక్కీలో పట్టక సీటు మీదికి వచ్చింది. ఆ సంచిలో నేను పడతాను. లాక్‌డౌన్లో తోచక పరీక్షించాం కూడా.

దారిలో ఖాజా ఒక చాయ్ కొట్టు ముందు బండి ఆపి, దిగకుండా హారన్ కొట్టాడు. లోపలి మనిషి పరుగున వచ్చి కిటికీలోంచి గ్లాసులు అందించాడు. పాలు, యాలకులు వేసి చిక్కగా మరిగించిన దాన్ని కరక్ అంటారు. రియాల్‌కు ఒకటి, తప్పకుండా తాగండి.

"గీ దుబాయ్ హారనేందయ్యా, దిగితే కాళ్ళరుగుతయా అని మా అమ్మ వీడియో కాల్ల తిట్టింది," అన్నాడు ఖాజా.

"ఖతర్ అని చెప్పలేదా?"

"ఏండ్ల సంది చెప్తున్ననమ్మా. మక్కా తప్ప అంతా దుబాయే ఆమెకు."

మాల్ చేరాక తెలిసింది, బట్టలు మార్చుకునే గదులు మూసేశారని. కార్ల మధ్య, నల్లటి తారు మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో పదకొండు మంది పిల్లలు మంచులో ఆడటానికి దుప్పట్లంత మందం కవచాలు తొడుక్కుంటున్నారు. సాహితి కాళ్ళకు పరుపుల్లాంటి ప్యాడ్లు. వాటి పట్టీలు వెనకనుంచి బిగించాలి. నేను తారు మీద మోకాళ్ళు వేసి బిగించాను. ఆ సీజన్లో నేను కళ్ళారా చూసిన ఐస్ హాకీ అంతే.

"పైన ఫుడ్ కోర్టు కటకటాల దగ్గర నిలబడు నానమ్మా. అక్కడ్నుంచి ఫుల్‌గా కనిపిస్తుంది," అని చెప్పి లోపలికి పోయింది. జట్టుకు తప్ప ఎవరికీ మైదానంలోకి ప్రవేశం లేదు. పైకి వెళ్ళాను. కటకటాల పొడవునా తెల్లటి గుడ్డ కట్టేసి ఉంది, జనం గుమిగూడకుండా. వెనక బల్లల దగ్గర బర్గర్లు తినేవాళ్ళు మాత్రం నిక్షేపంగా గుమిగూడి ఉన్నారు. గుడ్డ అంచు కాస్త పక్కకు జరిపానో లేదో గార్డు వచ్చాడు. "మేడమ్, నో స్టాండింగ్." కూర్చుంటే? కూర్చుంటే గుడ్డ కనిపిస్తుంది. పదిహేను రియాళ్ళ మామిడి రసం తాగి గుడ్డను కాసేపు చూసి, కిందికి దిగి బయటకు వచ్చేశాను.

నీడ కోసం మాల్ వెనక్కి నడిస్తే అక్కడో పెద్ద ఇనుప గేటు. ట్రాక్టరంత మిషను బయటకు వచ్చి తెల్లటి మంచు కుప్ప పోసింది. ఆటలో మూడు పీరియడ్లు ఉంటాయి. మధ్య విరామాల్లో ఈ మిషను మంచు పైపొర గీకి, నీళ్ళు పోసి నున్నగా చేస్తుంది. గీకిన మంచు ఆ పెరట్లో పోస్తారు. దారిన పోయే పెయింటర్లు ఇద్దరు చెరో గుప్పెడు తీసి మెడకు రాసుకుని వెళ్ళిపోయారు. మిషను మీదినుంచి మాస్కు పెట్టుకున్న పొట్టి మనిషి దిగాడు.

"గీ ఎండల ఎందుకు నిలవడ్డరమ్మా? లోపట ఎవలున్నరు?"

నా చీరకట్టు చూసి తెలుగు అనుకున్నాడట. పేరు రాజన్న, జగిత్యాల దగ్గర ఊరు. నా మనవరాలు గోల్ కీపర్ అని చెప్పాను.

"మన తెలుగు పిల్లనా! పొద్దుగాల ప్రాక్టీసుకొస్తే మా మిషినుకు దండం పెడ్తది. గిన్నిరోజులు కేరళ దిక్కు మలబారీ పిల్ల అనుకున్న."

"ఆట ఎలా ఉంది?"

"ఒక గోలు పోయింది. ఆ పిల్ల తప్పు గాదు, ముంగట మనోడే పొడుగోడు ఒకడు అడ్డమొచ్చిండు." అట్టపెట్టె ఒకటి నీడలోకి లాగి, "కూసోండ్రి. నేనైతే చూస్తున్న, నా డ్యూటీ గదా. డ్యూటీ లేని శుక్రారం వస్తే నన్ను గూడ రానియ్యరు. ఫ్యామిలీ డే. ఒంటరోళ్ళకు మాఫీ." మాఫీ అంటే అక్కడి మాటలో లేదు అని.

"రోజూ ఆ మంచు చేసేది నువ్వే కదయ్యా!"

"చెయ్యనీకి ఫ్యామిలీ అక్కర్లేదమ్మా. చూడనీకే కావాలె." నవ్వాడు. "ఇయ్యాల మీరు గూడ మా లెక్కనే అయిండ్రు."

నేను డబ్బాలో తెచ్చిన పెరుగన్నం తిన్నాను. తనకీ పెడతానంటే వద్దన్నాడు, ఎవరి డబ్బా వాళ్ళే తినాలని వాళ్ళుండే కూలీల క్యాంపు రూలట. రెండో విరామంలో మళ్ళీ మంచు పోయడానికి వచ్చాడు. "రెండు పోయినయి, ఒకటి మనోళ్ళు కొట్టిండ్రు," అంటూనే తుమ్ము వచ్చి ముక్కు గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఒళ్ళు వణుకుతోంది. లోపల మంచు, బయట ఎండ, ఒంటి మీద పల్చటి చొక్కా.

"జాకెట్ ఏది?"

"వైరస్సని ఉతకనీకి అందరివి తీస్కపోయిండ్రు. మళ్ళ ఇయ్యలే. లోపట తుమ్మిన్ననుకో, సీదా క్యాంపుల పండవెడ్తరు. డ్యూటీ మాఫీ, ఫులూస్ మాఫీ." డబ్బూ లేదని. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రాండ్రమ్మా. మిషిను ఎన్క నిలవడి చూడుండ్రి. ఆఖరి పీరియడే గదా."

"ఎవరైనా చూస్తే?"

"నన్ను పంపిస్తరు."

"క్యాంపుకా?"

"ఇంటికి."

సరోజిని గారూ, గేటు నాకు పది అడుగుల దూరంలో ఉంది. చలికాలమంతా నిమ్మకాయలు విసిరిన చెయ్యి నాది. లేచాను. లేచినదాన్ని, చలికని తెచ్చుకున్న గోధుమరంగు శాలువా తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆ ఎండలో నాకది దండగ. "తల మీదనుంచి కప్పుకో. నా బదులు కూడా చూడు," అని మళ్ళీ అట్టపెట్టె మీద కూర్చున్నాను. ఆయన వెళ్ళి గేటు లోపల మిషను పక్కన నిలబడ్డాడు. నాకు వీపు మాత్రం కనిపించింది. లోపల చెక్కకు ఏదో ధనామని తగిలేది, ఈల మోగేది, పిల్లలు అరిచేవాళ్ళు. ఒకసారి రాజన్న చెయ్యి పైకి లేచింది. ఎందుకో తెలీదు. నా ఎదురుగా మంచు కుప్ప కరిగి కాలవలోకి పోతోంది.

ఆట ముగిసింది. రాజన్న మిషను ఎక్కి లోపలికి పోయాడు, సూపర్‌వైజర్ వచ్చి గేటు మూసేశాడు. కార్ల దగ్గరికి వచ్చేసరికి సాహితి చెమటతో, కవచంతో అలాగే పరిగెత్తుకొచ్చింది.

"నానమ్మా! లోపలికి ఎలా వచ్చావ్? ఓడిపోయాం, టూ-వన్, కానీ హూ కేర్స్! మాస్కు పెట్టుకుంటే నాకు తెలీదా, ఆ శాలువా! నేను స్టిక్ ఎత్తితే నువ్వు చెయ్యెత్తావ్ చూడు, ఇంక థర్డ్ పీరియడ్‌లో ఒక్కటి కూడా వదల్లేదు. లాస్ట్ సేవ్ చూశావా? లెఫ్ట్ లెగ్! అది నీ నిమ్మకాయే నానమ్మా, సేమ్ నిమ్మకాయ!"

"చూశాను," అన్నాను.

"శాలువా ఏది?"

"లోపల మరిచిపోయాను."

తిరుగు దారిలో గంటసేపూ అది మాట్లాడింది. నేను చూశాను కనుక ఏదీ వివరించలేదు. "అప్పుడు వాడు అటు తిరిగాడే, అప్పుడు!" అంటుంది. నేను తలూపుతాను. ఖాజా అద్దంలోంచి ఒకసారి నన్ను చూశాడు.

ఆ నెలలోనే జట్టు ఎత్తేశారు. కాలేజీ వాళ్ళు ఒక ఫోటో తీసి, ఆడిన ఆటలకన్నా ఎక్కువ వాక్యాలతో ఒక ప్రకటన పెట్టారు. గ్యాస్ ఎంత కావాలంటే అంత అమ్ముకునే దేశంలో, పదకొండు మంది పిల్లలకు కాస్త మంచు బరువైపోయింది. తర్వాతి శుక్రవారం నేను వెనక గేటు దగ్గరికి వెళ్తే మిషను మీద వేరే మనిషి ఉన్నాడు. ఖాజా ఆరా తీస్తే, రాజన్న కంపెనీ కాంట్రాక్టు అయిపోయిందని, ఆయన్ని అల్ షహానియాలో ఒంటెల పందేల మైదానంలో నీళ్ళ ట్యాంకరు మీద వేశారని తెలిసింది. మంచు మీద నీళ్ళు పోసేవాణ్ణి ఇసుక మీద పోయమన్నారు. నేను వెళ్దామనుకునేలోగా నా విమానం ఖాయమైంది. సాహితికి తెలుగు మాట్లాడటమే గానీ చదవటం రాదు. మా అబ్బాయికి వచ్చు గానీ నా టపాలు రెండో పేరా దాటడు. అందుకే ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను. ఒక మనిషి పొట్ట కొట్టి ఆట చూడనందుకు నాకు విచారం లేదు. కానీ నా మనవరాలి జీవితంలో మంచి ఘడియ ఏదని అడిగితే అది ఆ మూడో పీరియడే అంటుంది. ఆ పీరియడ్ గురించి ఆ పిల్లనే అడిగే హక్కు మాత్రం పోగొట్టుకున్నాను.

సరోజిని గారూ, ఇప్పుడా గుడ్డలు తీసేశారట, ఫుడ్ కోర్టు కటకటాల దగ్గర్నుంచి ఆట ఉచితంగా చూడవచ్చు. పిల్లలకు స్వెటర్లు, మందపాటి మేజోళ్ళు మరవకండి. ఒక పూట అల్ షహానియాకు కూడా వెళ్ళండి. దోహా నుంచి టాక్సీలో ముప్పావు గంట, పందేలు చలికాలం ఉదయాల్లో ఉంటాయి, త్వరగా బయల్దేరాలి. వెళ్ళేటప్పుడు ఒక పొట్లం సకినాలు తీసుకెళ్ళండి. నీళ్ళ ట్యాంకర్ల దగ్గర జగిత్యాల రాజన్న ఎవరని అడగండి. సకినాలు ఇచ్చి, శాలువా ఊసెత్తకుండా, ఆ ఆఖరి పీరియడ్ ఎలా జరిగిందో మొదటినుంచి చెప్పించుకోండి. ఆ ఎడమ కాలు ఎంత దూరం చాచిందో ప్రత్యేకంగా అడగండి. విన్నది విన్నట్టు ఈ టపా కింద రాయండి. తెలుగులోనే రాయండి.