స్విచ్చుకు కట్టిన దారం

మా ఇంట్లో మనిషి లేని గదిలో ఫ్యాను తిరగదు, బల్బు వెలగదు. చిక్కడపల్లిలో ఈ ఇంటికి వచ్చిన కాడి నుంచి అది నా పద్ధతి. మా ఆయనకు మొదట్ల ఆ అలవాటు లేకుండె. గదిలో నుంచి లేచి వచ్చేస్తే వెనక్కి చూసుడు లేదు. ఆయన అన్నం ముందు కూసున్నా సరే నేను లేపి పంపిన. అట్ల పంపంగ పంపంగ, పింఛను తీసుకునే వయసు వచ్చేసరికి ఆయన చెయ్యి దానంతట అదే స్విచ్చు మీదికి పోయేది. పక్కింటికి పోయినా వాళ్ళ వరండా లైటు ఆర్పి వచ్చేటోడు.

నా కోడలు పెండ్లికి ముందే డి.టి.పి. నేర్చుకున్నది. మా అబ్బాయి డ్యూటీ ఆదిలాబాద్ దిక్కు. వారానికి ఒకసారి వచ్చేటోడు. పిల్ల ఖాళీగ కూసోలేక కోఠిలో ఒక పాత కంప్యూటర్ కొనుక్కొచ్చి మా ముందు గదిలో పెట్టింది. పెండ్లి పత్రికలు, బిల్లు బుక్కులు, అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లకు ప్రశ్నల పుస్తకాలు టైపు చేసి ఇచ్చేది. ఆ గది కిరాయికి ఇయ్యాలని నా ఆలోచన. ఒక టైలర్ అడుగుతనే ఉండె. "దసరా దాక చూస్త. పని నిలబడితె గది నీది, లేకుంటే టైలర్‌ది" అని కోడలికి మొదటి రోజే చెప్పిన.

"సరే అత్తమ్మా" అన్నది. నోటికి నోరు ఇచ్చే పిల్ల కాదు. కానీ ఆ రోజే గోడకు మేకు కొట్టి క్యాలెండర్ తగిలించింది. గది ఇడిచిపెట్టే మనిషి మేకు కొట్టదు.

పని బాగనే వస్తుండె. మిషనే ముసలిది. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల కోసం ఒక సెంటర్‌వాళ్ళు పెద్ద పుస్తకం ఇచ్చిన్రు, అన్నీ తెలుగు అక్షరాలు, డబ్బాలు, పట్టికలు. ఒక పేజీ తెరిస్తే అది తెరుచుకునే లోపల నేను ఎదురుంగ కూసోని చింతపండు గింజలు తీసుడు అయిపోయేది. పుస్తకం టైముకు ఇయ్యకుంటే ఆ సెంటర్ పోతది, అది పోతే గది పోతది. ఇది కోడలికి తెలుసు, నాకూ తెలుసు.

"కొత్తది కొంటే?" అన్నడు మా ఆయన.

"ఇది చచ్చిపోయిందా?" అన్న నేను.

"లేదు."

"మరి?"

ఆ మాట అక్కడితో అయిపోయింది. కోడలు మాత్రం కోఠికి పోయి, ఒక ప్రాసెసర్ తెచ్చింది. మిషన్‌కు అదే బుర్ర. అరచేతిలో పట్టేంత ఉంటది, కింద దువ్వెన పండ్లలెక్క సన్నటి కాళ్ళు. ఎవరో వాడి తీసేసిందే, కానీ మా దాని కంటే చానా జోరుది. పాతది తీసి ఇది పెడితే మిషన్ నల్ల తెర పెట్టి ఊకున్నది.

"ఏంది, అది కూడ చెడిపోయిందేనా?" అని అడిగిన.

"మంచిదే అత్తమ్మా. మిషన్ లోపటి బోర్డు మీద ఒక చిన్న చిప్ ఉంటది. మిషన్ లేవంగనే ఏ ప్రాసెసర్ వచ్చింది, దానికి ఎంత వేగం ఇయ్యాలె అని చెప్పేది అదే. మన బోర్డు తయారైన నాటికి ఈ ప్రాసెసర్ పుట్టనే లేదు. చిప్‌కు దీని పేరు తెల్వదు."

"అంటే రేషన్ కార్డుల పేరు ఎక్కలే" అన్న.

కోడలు నవ్వింది. నా పెండ్లయిన కొత్తల కార్డులో నా పేరు ఎక్కేదాక షాపులో నాకు బియ్యం తూయలేదు. ఇంట్ల మనిషిని ఉన్న, ఎదురుంగ నిలబడ్డ, అయినా నా పాలు లేదు. కాబట్టి ఆ ముచ్చట నాకు ఒక్కసారికే అర్థమైంది.

బోర్డు కంపెనీవాళ్ళు ఆ పాత మోడల్‌ను ఎప్పుడో ఇడిచిపెట్టిన్రు. కొత్త పేరు వాళ్ళు ఎక్కియ్యరు. కోడలే ఎక్కియ్యాలనుకున్నది. నారాయణగూడలో ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి, ఎక్కడెక్కడివాళ్ళో ఇట్ల చేసిన్రని కాగితాలు తెచ్చుకొని చదివింది. చిప్‌లో ఉన్నదంతా ఫ్లాపీ మీదికి తీసుకొని, అందులో ఆ ప్రాసెసర్ పేరు, దాని వేగం చేర్చింది. రోజుల తరబడి ఆమె ముందు తెర మీద అంకెలు, అంకెల మధ్య ఇంగ్లీషు అక్షరాలు. బియ్యంల మట్టిబెడ్డలు ఏరినట్టు ఏరింది. అది మళ్ళ చిప్‌లోకి రాయాలె. రాసేటప్పుడు కరెంటు పోవద్దు, పోతే చిప్ సగం రాతతో ఆగిపోతది, ఇంక మిషన్ లేవనే లేవదు.

అందుకని మా గల్లీలో కరెంటు తీసే గంట అయిపోయేదాక ఆగి, మధ్యాహ్నం తిన్నంక మొదలుపెట్టింది. పాత ప్రాసెసర్‌నే మళ్ళ పెట్టి, ఫ్లాపీ వేసింది. నల్ల తెర మీద తెల్ల చుక్కలు ఒకటెనక ఒకటి పేరుతున్నయి. అప్పుడే సెంటర్ మనిషి గేటు కాడ పిలిచిండు, పుస్తకం ఎంతవరకు వచ్చిందని. కోడలు రెండు అడుగులు బయటికి పోయింది.

మా ఆయన మంచినీళ్ళ కోసం ఆ గదిలో నుంచే నడిచిండు. తెర నల్లగున్నది, కుర్చీ ఖాళీగున్నది. చెయ్యి పోయింది.

స్విచ్చు టక్కుమన్న సప్పుడు నాకు వంటింట్లకు వినొచ్చింది. ఆ సప్పుడు ఎప్పుడూ నా చెవికి హాయిగనే ఉండేది.

కోడలు వచ్చి చూసింది. మళ్ళ స్విచ్చు వేసింది. మిషన్ లోపటి ఫ్యాను తిరిగిన సప్పుడు వచ్చింది గానీ తెర మీద ఏమీ లేదు. పాత ప్రాసెసర్‌తోని ఉన్న నిదానపు మిషన్ కూడ ఇప్పుడు లేకపాయె. మా ఆయన గోడకు ఆనుకొని నిలబడ్డడు.

"ఖాళీగున్నదని తీసిన బిడ్డా" అన్నడు.

"మీ తప్పేమున్నది మామయ్యా, మీరెప్పుడూ తీసేదే కదా" అన్నది. ఆ మాటల ఎత్తిపొడుపు లేదు, నేను వెతికిన. ఉంటే నాకు కొంచెం నయమనిపించేది.

చాయ పెట్టి ఇచ్చిన. తాగి, కోడలు నెమ్మదిగ చెప్పింది. "ఒక దారి ఉన్నది. ఇసొంటి బోర్డే ఉన్న మిషన్ కావాలె. అది లేచినంక, నడుస్తుండంగనే దాని చిప్ పైకి తీసి, మన చచ్చిపోయిన చిప్ ఆ జాగల పెట్టి రాయొచ్చు. లేచినంక కొంచెం సేపు దానికి చిప్‌తోని పని ఉండదు."

"నడుస్తున్న దాంట్లోంచా?"

"నడుస్తుండంగనే."

తోడు పెరుగు లెక్క అన్నమాట. మనింట్ల పెరుగు ఇరిగిపోతే పక్కింటి నుంచి చెంచాడు తెచ్చి పాలల్ల వేస్తం. కానీ చెంచాడు పెరుగు ఇచ్చినందుకు ఎవరి కుండా పగలదు. ఇక్కడ చెయ్యి జారితే రెండు మిషన్లూ పోతయి.

అసొంటి బోర్డు ఉన్నది గల్లీ చివరన ఇంకో డి.టి.పి. ఆమె దగ్గర. మా కోడలు కొన్న కోఠి దుకాణంలనే ఆమె కూడ కొన్నది. ఇప్పుడు మా కోడలు చేసే కోచింగ్ పుస్తకాలు ఒకప్పుడు ఆమె చేసేది. అవి ఇటు వచ్చినప్పటి నుంచి ఆమె మా గేటు ముందు నుంచి పోవుడు బంద్ చేసింది, కూరగాయలకు కూడ అటు తిరిగి పోయేది.

"నేను అడగలేను అత్తమ్మా" అన్నది కోడలు.

నేను ఎవ్వరినీ ఏదీ అడిగే మనిషిని కాదు. తోడు పెరుగు కూడ నేను ఇచ్చుడే గానీ తెచ్చుకున్నది తక్కువ. అయినా చీర కుచ్చిళ్ళు సవరించుకొని చెప్పులు వేసుకున్న. కోడలు మా చిప్ ఊడదీసి, ఫ్లాపీతోని పాటు కాగితంల చుట్టి పట్టుకున్నది.

ఆమె తలుపు తీసి, నన్ను, నా ఎనుక కోడలిని, కోడలి ఎనుక మా ఆయనను చూసింది.

"ఏంది పెద్దమ్మా, ఇల్లంత కదిలొచ్చిన్రు. దీపం పెట్టే యాల అయితుంది, ఇప్పుడు తోడు కూడ ఇయ్యం."

"అందుకే దీపం పెట్టకముందే వచ్చిన బిడ్డా" అన్న.

కోడలు జరిగింది జరిగినట్టు చెప్పింది. మిషన్ పోయినా పోవచ్చని కూడ చెప్పింది, దాచలేదు. ఆమె అంతా విని నవ్వింది.

"మంచిగున్నది. నా పని తీసుకపోయినవు, ఇప్పుడు మిషన్ కూడ తీసుకపోతవా?"

కోడలు తల వంచుకున్నది. "వద్దంటే పోతం అక్కా."

"పోతే పోతవు. నాదానికి ఏమన్న అయితే నా గతి ఏంది, అది చెప్పు."

నా నోట్లో నుంచి మాట వచ్చేసింది. "ఏమన్న అయితే మా ముందు గది టైలర్‌కు ఇస్త. నువ్వు వేరే మిషన్ కొనుక్కునేదాక కిరాయి నీకే."

కోడలు నా దిక్కు చూసింది. ఆ గది కోసమే ఇదంతా అని ఆమెకు తెలుసు. ఆ గదినే నేను ముందట పెట్టిన. కోడలే "అవునక్కా, అట్లనే" అన్నది.

ఆమె మా ముగ్గురిని ఒకరెనక ఒకరిని చూసింది. తరువాత తలుపు పక్కకు జరిగింది. "ఇక్కడే చెయ్యాలె. నా కండ్ల ముందట."

ఆమె మిషన్ డబ్బా మూత తీసిన్రు. చిప్ జెర్రిలెక్క ఉన్నది, రెండు దిక్కుల కాళ్ళు, ఒక కొసకు చిన్న గంటు. కోడలు సన్న స్క్రూడ్రైవర్ తీసింది.

"కరెంటు ఉండంగ అందుల ఇనుము పెడతవా? నేను పెట్టనియ్య" అన్నది ఆమె.

"మరి ఎట్ల తీయాలె అక్కా?"

"దారం లేదా ఇంట్ల?" అన్న నేను. ఆమె చీర ఫాల్ కుట్టుకునే దారం తెచ్చింది. కరెంటు తీసి ఉన్నప్పుడే కోడలు చిప్‌ను కొంచెం వదులు చేసింది. నేను దాని రెండు కొసల కింద నుంచి దారం దూర్చి ముడి వేసిన. గట్టి ముడి వేస్తే కాలు వంగుతది, వదులు ముడి వేస్తే జారుతది. జాకెట్టు హుక్కు కుట్టినట్టు వేసిన.

"ఒక కొస ముందు లేస్తే కాళ్ళు ఇరుగుతయి. ఇద్దరు పట్టాలె" అన్నది కోడలు.

ఒక కొస ఆమె పట్టుకున్నది, ఇంకో కొస కోడలు పట్టుకున్నది. మా ఆయన పోయి స్విచ్చు బోర్డుకు వీపు ఆనించి నిలబడ్డడు. చేతులు రెండూ ఎనుకకు కట్టుకున్నడు.

"ఎవ్వరిని రానియ్య" అన్నడు.

"ముందు నువ్వు కదలకు" అన్న.

మిషన్ లేచింది. ఫ్లాపీ గరగరమన్నది. ఆ ఇద్దరు ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి, ఒకరి కండ్లల్ల ఒకరు చూసుకుంట, నూతిలో నుంచి చేద తీసినట్టు చిప్‌ను పైకి తీసిన్రు. మిషన్ నడుస్తనే ఉన్నది. కోడలు మా చిప్‌ను గంటు ఎటున్నదో చూసి పెట్టింది. "జర నిదానం, జర నిదానం" అంటున్నది ఆమె, ఎవరికి అంటున్నదో ఆమెకే తెల్వదు. నల్ల తెర మీద తెల్ల చుక్కలు పేరుకుంట పోయినయి. ఈ సారి ఆగలేదు.

ముందు ఆమె చిప్ ఆమె మిషన్‌లో పెట్టి చూసిన్రు. లేచింది. ఆమె కుర్చీలో కూలబడి పైటతోని మొఖం తుడుచుకున్నది. ఎవరూ అడగకుండనే లేచి చాయ పెట్టింది.

ఇంటికొచ్చి మా చిప్‌ను దాని జాగల పెట్టి, కొత్త ప్రాసెసర్ వేసి స్విచ్చు వేస్తే, తెర మీద మొదటి వరుసలోనే దాని పేరు వచ్చింది. నాకు ఇంగ్లీషు రాదు. "ఇదే అత్తమ్మా" అని కోడలు వేలు పెట్టి చూపిచ్చింది. కార్డులో పేరు ఎక్కింది. ఆ రాత్రి పేజీ తెరిస్తే నా ఒడిలో చింతపండు అట్లనే ఉన్నది.

మరునాడు గల్లీ చివరామె మా గేటు కాడికి వచ్చింది. చానా రోజులకు. లోపటికి రమ్మంటే రాలేదు, గేటు పట్టుకొని అడిగింది. "నా చిప్‌లో కూడ ఆ పేరు ఎక్కియ్యరాదా. రేపెప్పుడన్న నేను కూడ అసొంటిదే తెచ్చుకుంట."

"ఎక్కిస్త అక్కా. మీరు తీరికుంటే, ఈ పుస్తకంల సగం పేజీలు చేస్తరా? నేనొక్కదాన్ని అయితే అందదు."

"సగం ఎందుకు ఇస్తున్నవు? జాలా?"

"దారం సగమే పట్టుకున్న కదా నేను" అన్నది కోడలు.

ఆమె అప్పుడు లోపటికి వచ్చింది.

పుస్తకం టైముకు పోయింది. దసరాకు ముందే టైలర్‌కు గది లేదని చెప్పిన. ఆ మిగిలిన దారం ముక్క నా దగ్గరనే ఉన్నది, పారేయబుద్ధి కాలేదు. ముందు గది స్విచ్చుకు ముడి వేసి వదిలిన. దారం ఉన్న స్విచ్చును తీయొద్దని మా ఆయనకు ఒక్క మాట చెప్పిన. ఆయన ఇప్పుడు ఇల్లంతా తిరిగి అన్నీ ఆర్పి, అక్కడికి వచ్చి ఆగుతడు. చెయ్యి లేస్తది, దారం చూస్తది, మళ్ళ కిందికి దిగుతది.

"నువ్వు తీయరాదు?" అని అప్పుడప్పుడు నన్ను అడుగుతడు.

"కోడలిని అడుగు" అంట.