హ్యాండిల్ ఎదుట కూర్చున్న దేవసహాయం గారు

మొన్న మంచి శుక్రవారం నాడు, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు, మా సబ్‌స్టేషన్ ఆపరేటర్ దేవసహాయం గారు కూర్చున్న కుర్చీలోనే పరమపదించారు. నేను పక్కనే ఉన్నాను. కళ్లారా చూసి కూడా మనసు ఒప్పుకోవడం లేదు. నాది గొర్లు కాసిన బతుకు. అరవై ఏళ్లు దాటిన నాకు చర్చి వరండాలో అక్షరాలు దిద్దించిన గురువు ఆయన. వయసుకు కొడుకంతటివాడు. ఆ అక్షరాలు ఇది రాయడానికి అక్కరకు వస్తాయనుకోలేదు.

రామన్నపేట దిక్కున మా పల్లెలకు కరెంటు వచ్చిన కొత్త రోజులివి. బావుల మీద మోటర్లు పెట్టాం. అవి ఆగినప్పుడల్లా తిట్లు తినే నౌకరి ఆయనది. మొదటిసారి నేనూ తిట్టడానికే వెళ్లాను.

"ఏం సారూ, ఆడ నారు ఎండుతాంది. నువ్వు ఈడ ప్రార్థన చేసుకుంట కూసున్నవా?"

"కూసో తాతా. ఫ్యూజు పోయింది. అది ప్రార్థనకు రాదు, తీగకే వస్తది."

బల్ల మీద ఎవరో బాగుచేయమని ఇచ్చిన, విప్పిన రేడియో, పక్కన ఆదివారం పాడవలసిన కీర్తన. ఆయన జీవితమంతా ఆ బల్ల మీదనే ఉంది. పాత లారీ బ్యాటరీతో నడిచే మైకును చర్చి కోసం స్వహస్తాలతో తయారుచేశారు. కరెంటాయనకే కరెంటు మీద నమ్మకం లేదని ఊరు నవ్వితే తానూ నవ్వారు. సాయంత్రం మాకు చదువు, తరువాత పాటల సాధన, ఆపైన డ్యూటీ. ఆయన భార్య శాంతమ్మ నాతో అనేది, "ఊరందరి రేడియోలు మాట్లాడుతయి పెద్దయ్యా, మా ఇంట్లది ఒక్కటే మూగది."

ఛాతీలో నొప్పి మొదలైనప్పుడు, నౌకరి, చర్చి, రేడియోలు, ఈ మూడింటిలో ఒకటి మానుకోమని దవాఖాన డాక్టరు చెప్పాడు. ఇంజనీరు చర్చి మానుకోమన్నాడు. పాస్టరు గారు రేడియోలు మానుకోమన్నారు. శాంతమ్మ నౌకరే మానుకోమంది.

"ముగ్గురు తలా ఒక్కటే ఇడువమన్నరు తాతా. ముగ్గురి మాట ఇంటే నాకేం మిగుల్తది?"

"ఎవరన్న పిలిస్తే రానని చెప్పు."

"గదే నోటికి రాదు."

నాకు యాభై ఆరు అక్షరాలు నేర్పిన మనిషికి ఆ ఒక్క మాట నేను నేర్పలేకపోయాను.

పోయినవారి దోషాలు దాచాలంటారు. నేను దాచను. లైన్‌మన్ స్తంభం మీద ఉన్నంతసేపూ ఆపరేటర్ స్విచ్చు హ్యాండిల్ దించి కరెంటు ఆపి, దానికి ఎర్రగుడ్డ కట్టి, దాని ఎదుట కూర్చోవాలి. ఎక్కినవాడే స్వయంగా వచ్చి దిగానని చెప్పేదాకా లేవకూడదు. హ్యాండిల్‌కు తాళం లేదు, ఆ మనిషే తాళం. పోయిన క్రిస్మస్ నాడు చర్చిలో మైకు ఆగిందని పిలిస్తే దేవసహాయం గారు లేచి పరుగెత్తారు. మోటరు ఆగిన కోపంతో వచ్చిన రైతు ఒకడు గుడ్డ లాగేసి హ్యాండిల్ ఎత్తాడు. లైన్‌మన్ యాదయ్య షాకు కొట్టి స్తంభం మీదినుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ, ఎడమచేతి వేళ్లు నేటికీ సరిగా ముడుచుకోవు. ఆ రైతు పేరు దేవసహాయం గారు ఎవరికీ చెప్పలేదు. లేచింది నేనే గదా అన్నారు.

మంచి శుక్రవారం నాడు చర్చిలో పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఐదోది ఆయనకు ఇచ్చారు. డ్యూటీ మార్చుకోవలసిన ఆపరేటర్ రాలేదు. యాదయ్య చెరువు అవతల స్తంభం ఎక్కి ఉన్నాడు. మోటరు సంగతి అడుగుదామని నేను వెళ్లేసరికి దేవసహాయం గారి చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

"బండి కట్టిస్త. దవాఖానకు పోదాం పా."

"యాదయ్య మీదున్నడు."

"గీడ నేను కూసుంట."

"నీ మోటరు సుత బందే ఉన్నది గద తాతా," అని నవ్వబోయారు. కొంచెం ఆగి, "పోయినసారి గట్లనే లేచిన," అన్నారు.

వాచ్‌మన్ సత్తయ్యను యాదయ్య కోసం ఉరికించాను. మోటరు కోసం వచ్చిన రైతు లింగయ్యను డాక్టరు కోసం పంపాను. అంతలో చర్చి నుంచి పాటల జట్టు రూతమ్మ వచ్చింది.

"సారూ, మైకు కుయ్యుమంటాంది. మీ వంతు సుత వస్తాంది."

"మైకును స్పీకరు డబ్బాకు ఎదురుంగ పెట్టకుండ్రి, జర ఎనుకకు జరుపుండ్రి. నేనొస్తున్ననని పాస్టరు అయ్యగారికి చెప్పు."

అప్పుడు కూడా రానని అనలేదు.

యాదయ్య రొప్పుతూ వచ్చాడు. "దిగిన సార్," అన్నాడు. దేవసహాయం గారు అతణ్ణి కాళ్ల నుంచి తల దాకా చూశారు. గుడ్డ విప్పడానికి చాచిన చేయి ముడి దాకా పోలేదు.

ఇంకో ఆపరేటర్ వస్తాడు. హ్యాండిల్‌కు తాళం పెడతారట, ఇప్పుడు. ఆయన లేని లోటు తాళంతో తీరేది కాదు. ఒక్క మనిషిని ఇంతమంది పిలవకూడదు. నాకు వచ్చిన నాలుగు అక్షరాలే ఆయనకు నా నివాళి.

ఆనాడు అక్కడ ఉన్నవాళ్లం: మల్లయ్యనైన నేను, వాచ్‌మన్ సత్తయ్య, వచ్చిన దారిన తిరిగి చర్చికి పోలేకపోయిన రూతమ్మ, అంతా అయినాక చేరిన డాక్టరు, ఆయన వెంట లింగయ్య, మోటర్లు ఆగాయని కోపంగా వచ్చి తలకు చుట్టిన రుమాళ్లు తీసి నిలబడిన నర్సింహ, బుచ్చిరెడ్డి, ఆరాధన మధ్యలో ఆపి వచ్చిన పాస్టరు గారు, శాంతమ్మ, మనిషిని ఎత్తుకుపోయేదాకా ఆ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని లేవని లైన్‌మన్ యాదయ్య.