మూత రింగుకి నువ్వుల నూనె

ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళు ఓ పాతిక ఉంటే, ఆ పాతికిళ్ళలోనూ వసుమతి పేరెత్తగానే వచ్చే మాట ఒకటే: "ఆవిడ బేస్‌మెంట్‌లో సారా కాస్తుందట."

సారా కాదు, బీరు. కాయడం కాదు, పులియబెట్టడం. అయినా ఎవర్నీ దిద్దడానికి వసుమతి పోలేదు. మందు తాగే మగవాళ్ళని ఎవరూ ఏమీ అనని ఊళ్ళో, చేసే ఆడదాన్ని మాత్రం అంటారని ఆవిడకి ముందే తెలుసు.

వసుమతిది ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. గాజు పళ్ళేల్లో క్రిముల్ని పెంచి, ఏ రోగిని ఏది పట్టుకుందో చెప్పడం పని. ఆ ల్యాబ్ కింద, నేలమాళిగలో లాండ్రీ. పన్నెండుమంది ఆడవాళ్ళు ఆవిర్లలో నిలబడి ఆసుపత్రి మొత్తానికి దుప్పట్లు ఉతుకుతారు. వాళ్ళలో పెద్దది రోజ్‌మేరీ. ఒకసారి లిఫ్టులో, చలికి ఇడ్లీపిండి పొంగక ఓవెన్‌లో లైటు వేసి దాచుకుంటున్నానని వసుమతి చెబితే ఆమె నవ్వి, "మా నాన్న బీరుకీ ఇదే బాధ పడేవాడు" అంది. మర్నాడే వాళ్ళ నాన్న వాడిన పెద్ద గాజు కూజా తెచ్చిచ్చింది. ఇంట్లో బీరు చేసుకుంటే నేరం కాదని సర్కారు అప్పటికే ఒప్పుకుంది. అలా మొదలైంది వసుమతి సారా బట్టీ.

నిరుడు చలికాలం ఓ దుప్పటి మడతలో మిగిలిపోయిన సూది రోజ్‌మేరీ అరచేతిలో దిగింది. పైవాళ్ళు "చూసుకుని పని చెయ్యాలి" అన్నారు. వసుమతి ఊరుకోలేదు. ఏ తేదీన, ఏ వార్డు దుప్పట్లో, ఎన్ని సూదులు దొరికాయో ఆర్నెల్లపాటు లాండ్రీవాళ్ళని అడిగి రాసుకుని, టైపు చేయించి ఇచ్చింది. ఆ కాగితం చేతిలో పట్టుకునే వాళ్ళు, యూనియన్ కావాలా వద్దా అని లాండ్రీలో ఓటు పెట్టించుకున్నారు. గురువారం గెలిచారు. శనివారం మధ్యాహ్నం అందరూ మా ఇంటికి రండి, బీరు నాది, అంది వసుమతి.

ఆ పాతికిళ్ళలో ఒకింటావిడ పద్మిని ఫోన్ చేసింది. "మనకెందుకమ్మా వాళ్ళ గొడవ? ఉద్యోగాలు చేసుకు బతికేవాళ్ళం."

"నీ సిజేరియనప్పుడు పడుకున్న దుప్పటి ఎవరు ఉతికారనుకున్నావ్?"

"నీతో మాట్లాడలేం తల్లీ" అని పెట్టేసింది పద్మిని.

వసుమతి భయం వేరే. ల్యాబ్ విందులకి ఆవిడ రెండుసార్లు పులిహోర పట్టుకెళ్ళింది. "ఎంత బాగుందో చూడ్డానికి" అంటూ అందరూ చూశారు. గిన్నె నిండుగానే ఇంటికొచ్చింది. అదొకటైతే, అంతకంటే పాతది ఇంకోటుంది. చిన్నప్పుడు బట్టలు తెచ్చిన చాకలి గంగమ్మ మంచినీళ్ళడిగితే, బామ్మ చెంబెత్తి పైనుంచి పోసేది. గంగమ్మ దోసిలి పట్టి, వంగి తాగేది. చెంబు గంగమ్మ చేతికి ఎన్నడూ పోలేదు. పక్కన నిలబడి చూసిన పిల్ల వసుమతి ఒక్క మాట అనలేదు. ఈ శనివారం, బట్టలుతికే పన్నెండుమంది ఆవిడ పెరట్లో, ఆవిడ గ్లాసులతో, ఆవిడ చేసింది తాగాలి. తాగుతారా, పులిహోర చూసినట్టు చూసి పోతారా? నలభై ఏళ్ళొచ్చిన మనిషికి ఇంతకన్నా పెద్ద పరీక్ష ఏదీ గుర్తు రాలేదు.

శుక్రవారం సాయంత్రం పీపాకి కుళాయి తిప్పింది. కూజాలో పులిసిన బీరు పోసిన ఆ పీపా సోడా కంపెనీవాళ్ళు పారేసిన స్టీలుది. పైన మూత, మూతకి రబ్బరు రింగు. సిలిండర్లోంచి గ్యాస్ లోపలికెళ్ళి బీరుని అడుగునున్న గొట్టంలోంచి పైకి తోస్తుంది. గ్లాసులోకి వచ్చింది చల్లారిన టీలా ఉంది. నురగ లేదు. గ్యాస్ ముల్లు చూస్తే పన్నెండు మీద ఉండాల్సింది నాలుగు మీద ఉంది.

"లీక్ నాకొదిలెయ్" అన్నాడు భర్త హరనాథ్. కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసే ఇంజనీరు. సబ్బునీళ్ళు పూస్తే మూత చుట్టూ బుడగలు పొంగాయి. మూత తీసి బిగించాడు. మళ్ళీ బుడగలు. "రెగ్యులేటర్ పోయింది వసూ. లేదా నీ ఈస్టు చచ్చింది."

"బుడగలు మూత దగ్గరొస్తుంటే ఈస్టునెందుకండీ అంటారు? ఒకటొకటిగా చూద్దాం."

ఆవిడ గ్లాసుని కిటికీ వెలుగులోకి ఎత్తింది. పైన సన్నని పొర, నెమలిమెడలా మెరుస్తోంది. వాసన చూసింది. మళ్ళీ చూసింది. ఈ వాసన బార్లీది కాదు, ఆవకాయ జాడీది.

"ఏవండీ, మూత రింగుకి ఏం రాశారు?"

"నువ్వుల నూనె. ఎందుకూ? కుక్కర్ రబ్బరుకి రాయమా ఏంటి? గట్టిగా పట్టాలని."

"ఎప్పుడు?"

"నిన్న. రాసి, పీపాని అరగంట దొర్లించాను కూడా. గ్యాస్ తొందరగా కలుస్తుందని నువ్వే అన్నావుగా."

వసుమతి స్టూలు మీద కూలబడింది. రబ్బరు నూనె తాగి ఉబ్బింది, అందుకే మూత కూర్చోవడం లేదు. దొర్లించడంతో నూనె బీరంతా పాకింది. జిడ్డు తగిలాక నురగ ఎక్కడ నిలుస్తుంది?

"మీ బ్రేకుల్లో రబ్బరుకి ఇంజనాయిల్ తగిలితే ఏమవుతుందండీ?"

"ఉబ్బిపోతుంది" అన్నాడు హరనాథ్. అన్నాక ఆగాడు. "అంటే... అది ఆఫీస్ రబ్బరు. ఇది వంటింటి సామాను అనుకున్నా."

"అదే మరి. వంటింట్లోకి అడుగు పెట్టగానే మీ ఇంజనీరింగ్ గుమ్మంలో చెప్పులతో పాటు వదిలేస్తారు."

తప్పు తెలిసిన మగాడు మౌనంగా గిన్నెలు తోముతాడని వసుమతికి పదహారేళ్ళ అనుభవం. ఆవేళ ఆయనచేత, మూల ఖాళీగా పడున్న రెండో పీపా తోమించింది. వేణ్ణీళ్ళు, చాకలి సోడా, మళ్ళీ వేణ్ణీళ్ళు మూడుసార్లు. దాని రింగుకి నూనె తగల్లేదు. మరిగే నీళ్ళలో ముంచి తీసి పక్కన పెట్టింది.

మొదటి పీపాని మాత్రం ఫ్రిజ్‌లో కదపకుండా నిలబెట్టింది. "నూనె తేలుతుంది. బీరు అడుగున ఉంటుంది. మన గొట్టం అడుగునుంచే తోడుతుంది. పొద్దున్న అడుగు బీరుని కొత్త పీపాలోకి తోసేద్దాం. పైన జానెడు వదిలేద్దాం."

"అంతా వదలాలా?" అన్నాడు హరనాథ్ దిగులుగా.

"ఆ జానెడు మీకే. తలకి రాసుకోండి."

శనివారం పొద్దున్నే, గ్యాస్ సన్నగా వదిలి, ఒక పీపాలోంచి ఇంకో పీపాలోకి బీరు మళ్ళించింది. గొట్టంలో ముందొచ్చిన మడ్డి బక్కెట్లో వదిలి, గొట్టం మధ్యలో పెట్టిన గాజు ముక్కలో జిడ్డు మెరుపు కనబడగానే ఆపేసింది. మూత బిగించి సబ్బునీళ్ళు పూసింది. ఒక్క బుడగ లేదు. గ్యాస్ పెంచి పెట్టి, ఈసారి మధ్యాహ్నం దాకా తనే కూర్చుని పీపాని ఊపింది, ఒళ్ళో పిల్లని ఊపినట్టు. రుచి చూడ్డానికి వ్యవధి లేదు. వీధిలో కారు తలుపులు పడ్డాయి.

పన్నెండుమందీ వచ్చారు. కొందరు పిల్లల్ని తెచ్చారు, ఒకావిడ తల్లిని తెచ్చింది. పెరట్లో కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. రోజ్‌మేరీ పీపా ముందు నిలబడి, "మా నాన్న కూజా ఏం చేసిందో చూద్దాం" అంది.

వసుమతి గ్లాసు వంచి పట్టి కుళాయి తిప్పింది. బుస్సుమని కొంత గాలి, తర్వాత బంగారు రంగు, ఆ పైన నురగ. ఒక వేలు. రెండు వేళ్ళు. వసుమతి మనసులో పది లెక్కపెట్టింది. నురగ అణగలేదు. ఆవిడ గ్లాసు రోజ్‌మేరీ చేతికిచ్చింది. పైనుంచి పొయ్యలేదు. చేతికి చెయ్యి తగిలేలా ఇచ్చింది. ఆ అరచేతిలో సూది దిగిన చోట చిన్న మచ్చ.

రోజ్‌మేరీ సగం గ్లాసు తాగి ఆగింది. పైపెదవి మీద తెల్లటి మీసం. "కొంచెం చేదు" అంది. మిగతా సగం తాగేసి, "ఇంకోటి పొయ్యి" అంది.

వెనకాల నవ్వులు. గ్లాసులు వరసగా చాపారు.

ఆరో గ్లాసు నింపుతుండగా రోజ్‌మేరీ కుళాయి లాక్కుంది. "నువ్వు కూర్చో. ఇది నా డ్యూటీ." ఒక గ్లాసు నింపి వసుమతి చేతికిచ్చింది. పచ్చిక మీద, ఆ ఆడవాళ్ళ మధ్య కూర్చుని వసుమతి తాగింది. చేదే. ఒక మూల ఎక్కడో నువ్వుల వాసన కూడా తగిలింది గానీ, ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

వంటింటి కిటికీలోంచి హరనాథ్ తొంగి చూసి, "పులిహోర తేనా?" అని అడిగాడు.

"తెండి" అంది వసుమతి. "ఇవాళ మిగలదు."