నువ్వులు ఆపిన పక్షం

అమీర్‌పేటలో మేం అద్దెకున్న ఫ్లాటు మైత్రీవనం వెనక సందులో ఉండేది. కిటికీ తీస్తే కోచింగ్ సెంటర్ల బోర్డులు తప్ప ఆకాశం కనపడేది కాదు. ఆ బోర్డుల మీద ఉన్న చదువులన్నీ చదివి, పంజాగుట్టలో ఉద్యోగం తెచ్చుకుని, ఒళ్ళు పాడుచేసుకున్న దాన్ని నేను. ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. తిండికీ నిద్రకీ వేళ లేదు. పెళ్ళైన రెండో ఏట నెలసరి ఆగిపోయింది. మొదటి నెల ఇంట్లో అందరం సంబరపడ్డాం. పరీక్ష చేయించుకుంటే ఏమీ లేదన్నారు. మరి రెండు నెలలు గడిచేసరికి సంబరం పోయి భయం మిగిలింది.

డాక్టరమ్మ హార్మోన్లు గాడి తప్పాయంది. ముందు రాత్రి డ్యూటీలు మానెయ్యి, రోజూ నడువు, మాత్రల సంగతి ఆ తర్వాత చూద్దాం అంది. పిల్లల మాట నేను అప్పట్లో తలుచుకోలేదు. ఆ నెలసరి మళ్ళీ వస్తే చాలనుకున్నాను. చిన్నప్పటి నుంచి విసుక్కున్న దాని కోసం ఎదురుచూడాల్సి రావడం ఎంత చిరాకో చెప్పలేను.

ఆ రోజుల్లో ఆఫీసులో ఎవరికేం జబ్బు చేసినా పది మంది మెయిళ్ళు పంపేవాళ్ళు. అలా నాకొకటి వచ్చింది. గింజలు తింటే ఆడవాళ్ళ హార్మోన్లు సర్దుకుంటాయట. నెలసరి వచ్చిన రోజు నుంచి సగం నెల అవిసెలు, గుమ్మడి గింజలు. మిగతా సగం నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలు. నెలసరి అసలే రాని వాళ్ళు చంద్రుణ్ణి బట్టి లెక్క పెట్టుకోవాలట. నాకు ఇలాంటివంటే ఒళ్ళుమంట. అయినా ప్రింటు తీసి ఇంటికి తెచ్చాను. అవసరం అలాంటిది.

మా అత్తయ్య గుంటూరు జిల్లా మనిషి, మా దగ్గరే ఉండేది. కాగితం చదివి తెలుగులో చెప్తే చెవులు రిక్కించి వింది. "అమావాస్య నుంచి పున్నమి దాకా అవి, పున్నమి నుంచి అమావాస్య దాకా ఇవి. అంతేగా. ఈ మాత్రం దానికి ఇంగ్లీషెందుకమ్మా," అని గోడ మీది తెలుగు క్యాలెండర్ వైపు చూసింది. ఆ క్షణం నుంచి నా ఒంటి వ్యవహారం ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయింది.

నువ్వులు, అవిసెలు సందు చివరి కిరాణా కొట్లో దొరికాయి. ఎర్రగడ్డ రైతుబజారు నుంచి గుమ్మడికాయ తెచ్చి, వారం రోజులు మాకు దప్పళం పోసి, గింజలు కడిగి డాబా మీద ఎండబెట్టింది. పొద్దుతిరుగుడు గింజల దగ్గరే చిక్కొచ్చింది. అవి అప్పట్లో చిలకల మేత అమ్మే చోట తప్ప దొరికేవి కావు. పక్క ఫ్లాటులో ఒక ముస్లిం ఆంటీ ఉండేది, ఆవిడకో చిలక ఉండేది. "ఎవరికీ చెప్పకండి అత్తయ్యా," అని నేను బతిమాలాను. సాయంత్రానికల్లా ఆంటీ డబ్బాతో వచ్చింది. "మా మిట్టూ తినేవే ఇవి. మంచిగ సాఫ్ చేసిన. జర సుత ఫికర్ చెయ్యకు బిడ్డా, అంతా మంచిగైతది," అంది. వెనకనుంచి మా ఆయన నవ్వు. ఆ తర్వాత చాలాకాలం నన్ను మిట్టూ అనే పిలిచాడు.

ఇక ఇద్దరూ కలిసి నన్ను పట్టుకున్నారు. రోజూ పొద్దున్నే గింజల పొడి మజ్జిగలో కలిపి, నేను గుటక వేసేదాకా ఎదురుగా నిలబడేది అత్తయ్య. ఆంటీ తలుపు సందులోంచి "తాగిందా వదినా?" అని అడిగేది. పేచీ ఒక్క నెల మొదలు దగ్గరే. క్యాలెండర్లో అమావాస్య వెళ్ళగానే అత్తయ్య అవిసెలు తీసేది. నెలవంక కనపడితే గానీ నెల మొదలవదని ఆంటీ. "మీ చంద్రుడు కాయితంల ఉంటడు వదినా. మా చాంద్ కండ్లకు కనబడాలె." పొద్దు గూకే వేళ ఇద్దరూ డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన చేతులు అడ్డం పెట్టుకుని పడమటి వైపు వెతికేవాళ్ళు. నా గర్భసంచి కోసం ఇద్దరు పెద్దవాళ్ళు ఆకాశం గాలిస్తున్నారని తలుచుకుంటే నవ్వూ వచ్చేది, వాళ్ళ మీద ఎక్కడలేని ప్రేమా వచ్చేది. నెలవంక కనపడేదాకా నాకు గింజలు బంద్ అని చివరికి రాజీపడ్డారు.

నేను రాత్రి డ్యూటీలు మాన్పించుకున్నాను. సాయంత్రాలు నడిచాను. మూడో పున్నమి వెళ్ళింది. నాలుగు రోజులైనా మజ్జిగలో గుమ్మడి గింజల పొడే తగులుతోంది. "పున్నమి వెళ్ళిపోయింది కదా అత్తయ్యా, నువ్వులేవి?" అన్నాను. "మర్చిపోయానమ్మా," అంది. ఏకాదశి ఎప్పుడో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి. మర్నాడూ అదే పొడి. కోపం ఆపుకోలేక, ఇష్టం లేకపోతే మానేద్దాం, నాటకాలెందుకు అని విసురుగా అనేశాను. ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మెట్ల దగ్గర ఆంటీ నన్ను ఆపింది. "అత్తమీద గరం కాకు బిడ్డా. మొన్న నువ్వు వాంతి చేసుకున్నవంట గదా. కాఫీ సుత వద్దంటున్నవంట. నువ్వులు వేడి చేస్తయని ఆపింది. కడుపుల ఏమన్న ఉంటే కష్టమైతదని."

ఆ వాంతి ఆఫీసు పార్టీలో తిన్న బిర్యానీ పుణ్యం. పరీక్ష కూడా అప్పటికే ఇంట్లో చేసుకున్నాను, ఏమీ లేదు. అత్తయ్య నన్నొక్క మాట అడగలేదు. అడిగితే నేను ఆశ పెట్టుకుంటానని, తన ఆశ తన దగ్గరే దాచుకుని, నువ్వులు మాత్రం తీసేసింది. నాకు సిగ్గేసింది. లేదని ఆవిడతో చెప్పడానికి నోరు రాలేదు. రోజూ ఆ గుమ్మడి మజ్జిగే తాగాను.

వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం ఆఫీసులో నెలసరి వచ్చింది. గింజల వల్లో, నిద్ర వల్లో, నడక వల్లో నాకిప్పటికీ తెలియదు. బాత్రూంలో నిలబడి ఒంటరిగా నవ్వుకున్నాను. సెలవు చెప్పి, ఆటో ఎక్కి, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర కూడా నవ్వుతూనే ఉన్నాను. మా మెట్లెక్కుతుంటే తట్టింది, నేను ఆవిడకి తీసుకెళ్తున్న కబురేమిటో.

అత్తయ్యే తలుపు తీసింది. చేతిలో గుమ్మడి గింజల చాట. "వచ్చింది అత్తయ్యా," అన్నాను.

ఆవిడ చూపు చాటలోకి దిగిపోయింది. కాసేపు గింజల్ని వేళ్ళతో అటూ ఇటూ జరిపింది. తర్వాత చాట కింద పెట్టి, నా తల మీద చెయ్యి వేసి, "హమ్మయ్య. దేవుడు చల్లగా చూశాడు. వెళ్ళి స్నానం చెయ్యి తల్లీ," అంది.

స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లో దంచుతున్న చప్పుడు. ఇల్లంతా వేయించిన నువ్వుల వాసన. ఆంటీ బెల్లం తరుగుతోంది. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. అత్తయ్య చిమ్మిలి ఉండ కట్టి నా నోటి దగ్గర పెట్టింది. "ఇవాళ్టి నుంచి అవిసెలు కదా అత్తయ్యా, కాగితంలో నువ్వులు వద్దని ఉంది," అన్నాను.

"కాగితం సంగతి రేపు చూద్దాం," అంది. "ఆడపిల్ల పెద్దమనిషైతే ముందు చిమ్మిలి పెట్టాలి."

ఇరవై ఎనిమిదేళ్ళ దాన్ని, వాళ్ళిద్దరి మధ్య వంటింటి గచ్చు మీద కూర్చుని, ఏడుస్తూ ఆ ఉండ మొత్తం తిన్నాను.