మీసం అడిగిన అమ్మాయి

నేను ఆడవేషం కట్టి నిలబడితే మద్రాసు ఓడ పోర్ట్ బ్లెయిర్ వదిలి వెళ్లేది కాదని చాలాకాలం చెప్పుకుని తిరిగాను. ఓడ ఒకసారి ఆగిన మాట నిజమే. అది తుపానుకు ఆగింది. నా చీరకట్టు మాత్రం బాగుండేది, అది కోత కాదు.

సునామీ వచ్చిన మరుసటి ఏడాది మా పేట డాలీగంజ్‌లో తెలుగువాళ్లం మళ్లీ నాటకం వేద్దామనుకున్నాం. జమీందారు వేషం వేసేవాడు సముద్రానికి భయపడి కుటుంబంతో శ్రీకాకుళం వెళ్లిపోయాడు. జమీందారు భార్య వేషం ఎప్పటిలాగే నాది. మాకు బట్టలు కుట్టేది బతు బస్తీలో ఉండే ఒక అమ్మాయి. పుట్టినప్పుడు మగపిల్లాడన్నారట, ఊహ తెలిసిననాటి నుంచీ తాను ఆడపిల్లనేనంటుంది. నన్ను జమీందారును చేసి, భార్య వేషం ఆమె చేత వేయిద్దామన్నారు మావాళ్లు. మేకప్ ఖర్చు కూడా మిగులుతుందని ఒకడి వేళాకోళం. నా చీర పోయినట్టేననుకున్నాను.

ఆమె ఆ వేషం వద్దంది. జమీందారే కావాలంది.

నాకు కుతూహలం ఆగలేదు. కుట్టుమిషను పక్కన చేరి, నేనూ చీర కడతాను, నువ్వూ కడతావు, మనకు తేడా ఏమిటని అడిగాను.

"నాటకమయ్యాక ఏం చేస్తావ్ బాబాయ్?"

"అన్నీ ఊడదీసి, లుంగీ కట్టుకుని, హాయిగా బీడీ కాలుస్తా."

"నేను ఇంటికెళ్లినా ఇంతే. ఊడదీయడానికేముంది?" దారం తెంపుతూ నవ్వింది. "చిన్నప్పుడు అన్నేళ్లూ మగవేషం ఊరికే వేశాను. ఏక్ బార్ చప్పట్లయినా కొట్టించుకుంటా."

ఒక్కటే షరతు పెట్టింది. మీసం అతికించుకునేదీ, బట్టలు మార్చుకునేదీ ఆడవాళ్ల గదిలోనే. సునామీలో ఇల్లు పోయాక రిలీఫ్ క్యాంపులో తనను మగవాళ్ల వైపు పడుకోబెట్టారట. అంతకు మించి చెప్పలేదు. మళ్లీ అటే పంపితే నాటకం మానేస్తానంది. ఆ గది పెత్తనం దాసి వేషం వేసే టీచరమ్మది. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. చూద్దామంది.

నాటకం నాడు ముందే ముస్తాబై, పిన్నీసు కావాలన్న వంకతో ఆ గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. పిన్నీసులు నా దగ్గర బోలెడున్నాయి. ఏమవుతుందో చూడాలని. ఆమె బట్టల సంచితో వచ్చి గుమ్మం బయటే ఆగిపోయింది. టీచరమ్మ తలుపు తీసి ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"బాబాయ్ గారూ, మీరు అటెళ్లండి. ఇక్కడ ఆడవాళ్లం బట్టలు మార్చుకోవాలి." అమ్మాయి చేతిలోని సంచి అందుకుంది. "నువ్వు రా అమ్మా. ఇంత జడ మీద తలపాగా ఎలా నిలుస్తుంది? కూర్చో, ముడి వేస్తాను."

తలుపు మూసుకుంది. పట్టుచీర, పూలజడ, వడ్డాణంతో సహా నేను మగవాళ్ల గదికి నడిచాను.